రెండు దేశాల మధ్య కాస్ట్యూమర్

సినిమా ఆఫీసులో నా ఉద్యోగానికి సరైన పేరు లేదు. హాజరు పట్టీలో ఆఫీస్ అసిస్టెంట్ అని రాసేవారు. నేను చేసేది పాస్‌పోర్టులు, వీసాలు, ఎంబసీలకు ఉత్తరాలు. విదేశాల్లో పాటలు, ఫైట్లు తీయడం మా వాళ్ళకు అప్పుడప్పుడే పిచ్చిగా పట్టుకుంది. యూనిట్‌లో ముప్ఫై మంది ఉంటే పాతిక మందికి ఇంగ్లీషు ఫారం చూడగానే జ్వరం వచ్చేది. నేను మధురానగర్ నుంచి సిటీ బస్సులో వచ్చే ఇంగ్లీషు ఎం.ఏ.ని. ట్యుటోరియల్ కాలేజీలో పాఠాలు చెప్పి చెప్పి గొంతు పాడై, ఫిల్మ్‌నగర్‌లో ఈ కుర్చీలోకి వచ్చి పడ్డాను. నాకు నోటి దురుసు మొదటి నుంచీ ఉంది. తప్పుల ఫారం తెచ్చినవాడు డైరెక్టరైనా సరే, గుమ్మం దగ్గరే నిలబెట్టి చదివించేదాన్ని. కాగితం విషయంలో నన్ను మించిన కచ్చితమైన మనిషి ఈ గుట్టల మీద లేదని నా నమ్మకం. అది ఎలా పోయిందో రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది.

ముందు మా వాళ్ళ అలవాటు ఒకటి చెప్పాలి. ఒక చోటును ఇంకో చోటుగా చూపించడం మాకు పుట్టుకతో వచ్చిన విద్య. షేక్‌పేట గుట్టలు చంబల్ లోయ అయ్యాయి. జూబ్లీహిల్స్‌లో ఒకే బంగళా ఒక సినిమాలో కేంద్రమంత్రి ఇల్లు, ఇంకో సినిమాలో దుబాయ్ స్మగ్లర్ ఇల్లు. చూసేవాళ్ళు నమ్మితే చాలు, చోటుకు కోపం రాదు కదా. ఆ ధోరణిలోనే ఆ సినిమాకు కూడా ఏర్పాట్లు జరిగాయి. కథలో హీరో ఎడారిలో ఒక విదేశీ సైన్యం కోటలోకి చొరబడి చెల్లెల్ని విడిపించుకు రావాలి. అసలు దేశం వాళ్ళు కథంతా చదివితే గానీ అనుమతి ఇవ్వమన్నారు. దాని పక్క దేశం వారంలో ఇచ్చేసింది. అదే ఇసుక, అవే కోటలు.

ఆ దేశాల పేర్లు రాయను. ఇప్పుడు వాళ్ళిద్దరూ మళ్ళీ బాగానే ఉన్నారు, మధ్యలో నేనెందుకు. షూటింగు జరిగినదాన్ని ఇసుక దేశం అనుకుందాం. కథలో చూపించాల్సినదాన్ని పొరుగు దేశం అనుకుందాం. మేం బయల్దేరే ముందు నెలలోనే సరిహద్దులో ఒక గుట్టల వరస ఎవరిదన్న విషయంలో ఆ రెండు దేశాలకూ చెడింది. ఒకరి రాయబారిని ఒకరు వెనక్కి పిలుచుకున్నారు. ఆఫీసుకొచ్చే పేపర్లో లోపలి పేజీలో ఆ వార్త చిన్నగా వేశారు. నేను చదివాను. చదివి పేజీ తిప్పాను. రాయబారులు వెనక్కి వెళ్ళడానికీ మా ఫైటుకూ ఏమిటి సంబంధం?

మా కాస్ట్యూమర్‌ది షేక్‌పేట పాత ఊరు. నాకంటే రెండేళ్ళు పెద్దవాడే అయినా నన్ను అక్కా అనేవాడు, నేను ఆయన్ను అన్నా అనేదాన్ని. సినిమా వాళ్ళలో నేను చూసిన శుభ్రమైన మనుషుల్లో ఒకడు. ప్రతి డ్రెస్సు కాలరు లోపలా సీను నంబరు రాసిన గుడ్డముక్క కుట్టేవాడు. పెట్టెలో గుండీ తగ్గినా చెప్పేవాడు. తెలుగు చదవడం వచ్చు, ఉర్దూ మాటలాడడం వచ్చు, ఇంగ్లీషు రాదు. విదేశం తీసుకెళ్ళే సామాను లిస్టు ఆయన తెలుగులో చెబితే నేను ఇంగ్లీషులో టైపు చేసేదాన్ని. ఇసుక దేశం కస్టమ్స్ వాళ్ళకు ఇవ్వాల్సిన లిస్టు అది.

ఆ రోజు కుర్చీ అంచు మీద కూర్చుని వేళ్ళు ముడుస్తూ చెప్పాడు.

"హీరోవి సూట్లు నాలుగు. హీరోయిన్‌వి గాగ్రాలు ఆరు. మిలటరీ డ్రెస్సులు పన్నెండు, బెల్టులు పన్నెండు, టోపీలు పన్నెండు. జెండా ఒకటి."

"ఏ జెండా అన్నా?"

"గా పక్క దేశందే అక్కా. ఫోటో జూసి నేనే కుట్టిన. జర గూడ తేడా రాలే."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో గర్వం చూశాను. అప్పుడే మా ప్రొడక్షన్ మేనేజర్ లోపలికి వచ్చాడు. గుంటూరు వైపు మనిషి. ఏ పనైనా రేపటికి కావాలనే మనిషి.

"మేడమ్, మిలటరీ, జెండా అని రాయకండి. అలా రాస్తే వాళ్ళ రక్షణ శాఖ నుంచి ఇంకో అనుమతి కావాలంటారు. నెల పడుతుంది. హీరోగారి డేట్లు మనకు పది రోజులేనండీ. అన్నీ కలిపి ఒక లైన్లో కొట్టేయండి."

నేను కాదంటే కాదని కూర్చునేదాన్నే. కానీ ఆ రోజు నాకు ముప్ఫై వీసాల పని మెడ మీద ఉంది. ఆ పన్నెండు జతలూ, జెండా, అన్నీ కలిపి ‘సినిమా దుస్తులు, రకరకాలవి’ అనే ఒక వరుసలోకి తోసేశాను. సామాను వెంట వెళ్ళేది కాస్ట్యూమరే కాబట్టి కింద సంతకం ఆయనది కావాలి.

"అన్ని ఎక్కినయా అక్కా?" అని అడిగాడు.

"ఎక్కాయన్నా" అన్నాను. ఆయన తెలుగులో నిదానంగా సంతకం పెట్టాడు.

యూనిట్ వెళ్ళింది, పది రోజులు తీసింది. విమానాల్లో ముందు హీరో, తర్వాత డైరెక్టర్, మేనేజర్, ఫైటర్లు తిరిగొచ్చారు. కాస్ట్యూమర్ ఎప్పుడూ ఆఖరు. పెట్టెలు లెక్క చూసుకుని, వాటితోపాటే వస్తాడు. ఈసారి పెట్టెలూ రాలేదు, ఆయనా రాలేదు. రెండో రోజు ఢిల్లీలో విదేశాంగ శాఖ నుంచి, ఇసుక దేశంలోని మన ఎంబసీ నుంచి ఒకేసారి ఫోన్లు వచ్చాయి. ఇసుక దేశం పత్రికలో మొదటి పేజీలో ఒక ఫోటో పడిందట. సరిహద్దుకు దగ్గర్లో వాళ్ళ సొంత కోట, కోట బురుజు మీద పొరుగు దేశం జెండా. కింద యూనిఫారాల్లో పన్నెండు మంది. ఎవరో దారిన పోయేవాడు తీసి పత్రికకు ఇచ్చాడు. తమ గుట్టల మీద పొరుగువాడు జెండా పాతాడని ఊరంతా అట్టుడికిపోయింది. మర్నాడు విమానాశ్రయంలో మా పెట్టెలు తెరిస్తే ఆ జెండా ఇస్త్రీ చేసి, మడతపెట్టి, పైనే ఉంది. పక్కన మా కాస్ట్యూమర్ ఉన్నాడు.

"ఒక్క షాటండీ. పది నిమిషాలు కూడా లేదు జెండా అక్కడ" అని మేనేజర్ నాకు నాలుగుసార్లు చెప్పాడు, నేనేదో కోర్టు అయినట్టు.

అక్కడి మన ఎంబసీలో ఒక అధికారి ఉండేవాడు. మధ్యాహ్నం మూడింటికి ఫోన్ చేస్తే దొరికేవాడు. మర్యాదగా, మెల్లగా, ప్రతి మాటా తూచి మాట్లాడేవాడు. ఆ మెల్లదనానికి నాకు ఒళ్ళు మండిపోయేది. మన మనిషిని పట్టుకున్నారు, గట్టిగా అడగరేం అని మొదటి రోజే నిలదీశాను. ఆయన చెప్పింది ఇది. మేం గట్టిగా అడిగితే వాళ్ళు గట్టిగా జవాబు చెప్పాలి. వాళ్ళ పత్రికలు చూస్తున్నాయి. మనకు ఆ రెండు దేశాలూ స్నేహితులే, అదే ఇబ్బంది. వీళ్ళ దగ్గర మెత్తబడితే పొరుగు దేశం అడుగుతుంది, మా జెండా పట్టుకున్నవాడు నేరస్తుడని మీరూ ఒప్పుకున్నారా అని. వీళ్ళతో గట్టిగా మాట్లాడితే వీళ్ళు అడుగుతారు, మీరు ఎవరి పక్షం అని. అందుకని మెల్లగా అడుగుతున్నాం.

"మెల్లగా అంటే ఎన్నాళ్ళు?"

గురువారం దాకా కాస్ట్యూమర్ విమానాశ్రయం పోలీసుల చేతిలో ఉంటాడు. శుక్రవారం అక్కడ సెలవు. గురువారం లోపు తేలకపోతే ఫైలు సైన్యం చేతికి పోతుంది. సైన్యం చేతికి పోయాక ఎంబసీ అయినా ఉత్తరాలు రాసి నెలల తరబడి కూర్చోవాల్సిందే. ఆ రోజు సోమవారం.

కాస్ట్యూమర్ భార్య అదే రోజు ఆఫీసుకు వచ్చింది. సన్నటి మనిషి, పెద్దగా మాట్లాడదు. లోపల కూర్చోమంటే వినలేదు. వరండాలో, చెప్పులు విడిచే చోట గోడకు ఆనుకుని కూర్చుంది. నేను బయటికి వచ్చినప్పుడల్లా లేచి నిలబడేది.

"ఏమన్న తెల్సిందా అక్కా?"

"మాట్లాడుతున్నారమ్మా."

"గాయనకు సుగర్ ఉన్నది. గోలీలు పది దినాలకే కట్టిచ్చిన. ఏం తింటుండో, ఏందో. గోలీలన్న అందేటట్టు చూడుండ్రి."

గోలీల సంగతి నేను ఎంబసీ అధికారికి చెప్పాను. మర్నాడు మధ్యాహ్నం ఆయన గోలీలు అందాయని చెప్పాడు. ఎంబసీ నుంచి ఒక కాగితం వెళ్ళిందట, వాళ్ళ నుంచి ఒక కాగితం వచ్చిందట, మందులు అనుమతించారట. మనిషి దాటలేని గుమ్మాన్ని గోలీలు దాటాయి. నేను పరిగెత్తుకెళ్ళి చెబితే ఆమె రెండు చేతులూ జోడించింది. నాకు సిగ్గేసింది. ఆ జెండా లిస్టులో ఉంటే ఇసుక దేశం వాళ్ళు మొదటి రోజే ఆపేసేవారు. పెట్టెలోనే ఉండిపోయేది, కోట ఎక్కేది కాదు. జెండా ఉందని ఆయన నాకు చెప్పిన సంగతి ఈ భూమ్మీద ముగ్గురికే తెలుసు. ఒకడు లాకప్పులో ఉన్నాడు, ఒకడు గదిలో తలుపేసుకున్నాడు. మూడోదాన్ని నేను.

ఇసుక దేశానికి హైదరాబాదులో ఆఫీసు లేదు. హానరరీ కాన్సల్ ఉండేవాడు. అంటే ఇక్కడి పెద్దమనిషినే ఒకరిని చూసి, జీతం లేకుండా, మా దేశం పనులు కాస్త చూసిపెట్టండని బోర్డూ జెండా ఇస్తారు. ఆయనది జూబ్లీహిల్స్‌లో బండను చెక్కకుండా చుట్టూ కట్టిన ఇల్లు. తాతల నాటి నుంచీ హైదరాబాదువాళ్ళు, వ్యాపారం. మంగళవారం సాయంత్రం మేనేజర్ నన్ను తీసుకుని వెళ్ళాడు. వరండా ముందు దిగాక ఎందుకో తను లోపలికి రానన్నాడు. "మీరైతే ఇంగ్లీషులో మాట్లాడతారండీ" అన్నాడు. కాన్సల్‌గారు నాతో తెలుగులోనే మాట్లాడాడు.

మేజా మీద రెండు చిన్న జెండాలున్నాయి, మనదీ ఇసుక దేశానిదీ. పనిమనిషి టీ కప్పు పెడుతూ ఒకదాన్ని పక్కకు జరిపితే ఆయన లేచి, రెండిటినీ సమానంగా సర్ది కూర్చున్నాడు.

"చూడమ్మా, వాళ్ళకు మన మీద కోపం లేదు. పక్కోళ్ళ మీద కోపం. పక్కోళ్ళ రాయబారి ఎల్లిపోయిండు కాబట్టి ఎవ్వరినీ పిల్చి తిట్టనీకి లేదు. చేతికి మీవాడు దొరికిండు."

"మరి విడిపించడం ఎలాగండీ?"

"తప్పు ఎవలదో తేలాలె. మీ కంపెనీది అంటె, మీకు పర్మిషన్ ఇచ్చిన వాళ్ళ మంత్రిత్వ శాఖది గూడ తప్పే అయితది. ఆడ సంతకం పెట్టిన ఆఫీసరు ఉన్నడు, ఆయన ఒప్పుకోడు. ఇండియాది అంటె రెండు దేశాల నడ్మ ముచ్చట అయితది, అది ఎవ్వరికీ వద్దు." టీ ఒక గుక్క తాగాడు. "ఒక్క మనిషి తెలివితక్కువతనం అయితే మాత్రం అందరూ ఇంటికి పోవచ్చు. ఆయన గూడ."

ఎంత ప్రశాంతంగా చెప్పాడో నాకు ఇప్పటికీ గుర్తు. ఉత్తరం ఎలా ఉండాలో కూడా చెప్పాడు. వేరే సినిమా పెట్టెల్లోంచి పొరపాటున ఆ దుస్తులూ జెండా ఆయన తెచ్చాడు. కంపెనీకి చెప్పలేదు. షాటులో ఆయనే తన ఇష్టానికి కట్టాడు. ఇంగ్లీషు రాని మనిషి, రాజకీయాలు తెలియవు. ఇకముందు ఆయన్ను విదేశీ పనులకు పంపం. చింతిస్తున్నాం. ఉత్తరం కంపెనీ తరఫున, లిస్టు తయారు చేసిన మనిషి సంతకంతో పోవాలి. అప్పుడే నమ్ముతారు.

"లిస్టు తయారు చేసింది నేనేనండీ" అన్నాను. "ఆయన జెండా అని చెప్పాడు. నేనే రాయలేదు."

ఆయన కిటికీలోంచి బయట బండ వైపు కాసేపు చూశాడు. "ఆ మాట నేను ఇనలే" అన్నాడు.

"నిజం రాస్తే?"

"నిజం రాస్తె ఎంక్వైరీ పెడ్తరు. నిన్ను అడుగుతరు, మేనేజర్‌ను అడుగుతరు, వాళ్ళ ఆఫీసర్‌ను అడుగుతరు. అందరు అందర్నీ అడిగేదాంక ఆయన ఆడనే ఉంటడు. సైన్యం చేతుల ఉంటడు. నీ ఇష్టమమ్మా."

ఆఫీసుకు తిరిగి వస్తున్నప్పుడు కారులో మేనేజర్, నేను మాట్లాడినా తను వినడన్నట్టు రోడ్డే చూస్తున్నాడు.

బుధవారం పొద్దున టైపు మిషను ముందు కూర్చున్నాను. ఆ ఉత్తరం ఆయన్ను విడిపిస్తుంది. నన్నూ విడిపిస్తుంది. ఈ రెండో సంగతి లేకపోతే నేను హాయిగా రాసి ఉండేదాన్ని. ఆయన కోసమే రాస్తున్నానని నాకు నేను చెప్పుకున్నప్పుడల్లా లోపల ఎవరో నవ్వినట్టు ఉండేది. నా సొరుగులో ఆయన చెబుతున్నప్పుడు పెన్సిలుతో రాసుకున్న కాగితం ఉంది. ‘జెండా 1’ అని నా రాతలోనే ఉంది. దాన్ని తీసి చూశాను. చింపలేదు, అంత ధైర్యం కూడా లేదు. మళ్ళీ లోపల పెట్టేశాను.

మూడుసార్లు మొదలుపెట్టాను. మొదటిసారి నిజం రాశాను. అందులో నా పేరు రెండుసార్లు చదువుకున్నాను. ఇది పంపిస్తే ఆయన గురువారం సైన్యం చేతికి పోతాడని చెప్పుకుని ఉండ చుట్టాను. రెండోసారి సగం నిజం రాశాను. ఎవరికీ పనికిరాని ఉత్తరం అది. మూడోసారి కాన్సల్‌గారు చెప్పినట్టే రాశాను. మంచి ఇంగ్లీషు. చదువులేని అమాయకుడు, పనిలో శ్రద్ధ ఉన్నా లోకజ్ఞానం లేనివాడు అని రెండు వాక్యాలు ఎంత చక్కగా కుదిరాయంటే, ట్యుటోరియల్ కాలేజీలో అయితే బోర్డు మీద రాసి చూపించేదాన్ని. సంతకం పెట్టాను. మేనేజర్ చదివి, "బావుందండీ" అన్నాడు.

పన్నెండింటికి ఫాక్సు వెళ్ళింది. బయటికి వస్తే ఆమె లేచి నిలబడింది.

"ఏం రాసిండ్రు అక్కా?"

"విడిచిపెట్టమని రాశామమ్మా" అన్నాను.

ఆమె మళ్ళీ కూర్చుంది. నేను డబ్బా తెరిచి అన్నం పెట్టబోతే, ఉపాసం ఉన్నానంది.

బుధవారం జవాబు రాలేదు. ఎంబసీ అధికారి ఉత్తరం చేరిందని మాత్రం చెప్పాడు. ఆయన గొంతులో మొదటిసారి కాస్త చురుకు వినపడింది. గురువారం పొద్దున పది, పదకొండు, పన్నెండు. ఫాక్సు మిషను చిన్న చప్పుడు చేస్తే చాలు, లేచి వెళ్ళేదాన్ని. ఒకసారి కాగితం వచ్చింది, చూస్తే ఎవరో కెమెరా అద్దెకిచ్చేవాళ్ళ ప్రకటన. మేనేజర్ దాన్ని ముక్కలు ముక్కలుగా చింపాడు. రెండున్నర దాటాక నేను ఫోన్ ఎత్తి, ఎంబసీకి కలపమని, మళ్ళీ వద్దని పెట్టేశాను. మెల్లగా అడగడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. నోరు మూసుకుని కూర్చోవడం అడగడం కంటే ఎక్కువ కష్టం.

మూడింటికి వచ్చింది. ఎంబసీ ద్వారా వచ్చిన ఒక పేజీ. కంపెనీ వివరణను పరిగణించారు. సదరు వ్యక్తి తన పొరపాటు అంగీకరించాడు. అది వ్యక్తిగత అజాగ్రత్తగా భావించి అతన్ని స్వదేశానికి పంపించేస్తున్నారు, మళ్ళీ తమ దేశంలోకి రానివ్వరు. జెండానూ యూనిఫారాలనూ స్వాధీనం చేసుకున్నారు. ఇరుదేశాల మైత్రి ఎప్పటిలాగే కొనసాగుతుందని ఆఖరు వాక్యం. ఆ వాక్యం చదువుతూ నేను ఏడ్చాను. సంతోషంతోనే ఏడ్చాను. అప్పటికి అంతవరకే.

శనివారం పొద్దున బేగంపేటలో దిగాడు. బుగ్గలు లోపలికి పోయాయి. గడ్డం ఎప్పుడూ చూడలేదు ఆయనకు. భార్య ముట్టుకోలేదు, ఏడవలేదు, చేతిలోంచి సంచి తీసుకుంది, అంతే. మేనేజర్ వాటేసుకున్నాడు. నేను దూరంగా నిలబడ్డాను. కాన్సల్‌గారు ఫోన్ చేసి, "ఖుషీయేనా అమ్మా?" అని అడిగాడు.

సోమవారం ఇద్దరూ ఆఫీసుకు వచ్చారు. మూడు రోజులుగా నేను ఆ మాటల్ని మనసులో దిద్దుకుంటున్నాను. గదిలోకి పిలిచి, తలుపు వేసి, ఇద్దర్నీ కూర్చోబెట్టాను.

"అన్నా, ఆ ఉత్తరం గురించి మీకు చెప్పాలి."

"సదివిండ్రక్కా నాకు" అన్నాడు. "ఆడ పనికొచ్చిన కరీంనగర్ పిలగాడు ఒకడు, వాన్ని పిలిపిచ్చి తెలుగుల చెప్పిచ్చిండ్రు."

ఆపి ఆపి చెప్పాడు. పట్టుకున్న రోజు నుంచీ వాళ్ళు రోజూ ఒకటే అడిగారట, జెండా ఎందుకు దాచావని. ఈయనా రోజూ ఒకటే చెప్పాడట. దాయలేదు, లిస్టులో చెప్పిన, మా అక్క టైపు కొట్టింది. లిస్టు చూపించి, ఇందులో లేదు కదా అన్నారట. టైపుల ఏడనో పోయింటది, అక్కను అడుగుండ్రి, అక్క చెప్తది అన్నాడట. కొట్టలేదు గానీ నిలబెట్టారు. కాళ్ళు వాచిపోయినా ఆ మాట మార్చలేదు. బుధవారం సాయంత్రం ఉత్తరం వచ్చింది.

"మీ సంతకం జూపిచ్చిండ్రు. మీ సంతకం నాకు తెల్వదా అక్కా. అందుల నేను చెప్పలేదని రాసున్నది. అక్క అబద్ధం రాయది గద. గప్పుడు నాకే అనుమానం వచ్చింది. చెప్పిన అనుకుంటున్ననా, నిజంగ చెప్పిన్నా అని. సుగర్ ఎక్కువై మతి తప్పిందేమో అనుకున్న. సరే, నేనే చెప్పలేదని ఒప్పుకున్న."



"ఇంటికొచ్చినప్పటి సంది గదే ఆలోచన" అన్నాడు. "రాత్రి నిద్ర వడ్తలేదు. గంత పెద్ద జెండా, గుడ్డ కొని, ఫోటో జూసి కుట్టిన జెండా. మీకు చెప్పుడు మర్సిపోతనా? నిజం చెప్పుండ్రి అక్కా. నేను ఆనాడు చెప్పిన్నా, లేదా?"

"చెప్పారన్నా" అన్నాను. "మీరు చెప్పారు. నేనే రాయలేదు. అది తెలిసే ఆ ఉత్తరం రాశాను."

తిడతాడనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, పెద్దగా ఊపిరి వదిలాడు. భార్య వైపు తిరిగి, "ఇన్నవా, నేను చెప్పిన్నంట. మతి మంచిగనే ఉన్నది" అన్నాడు. వారం రోజుల తర్వాత ఆయన ముఖం తేటపడడం చూశాను. నా వల్ల అంత పోగొట్టుకుని, తిరిగి దొరికిన ఆ కాస్తకే ఆ మనిషి సంతోషపడుతున్నాడు.

భార్య మాత్రం నన్నే చూస్తోంది.

"మరి ఎందుకు గట్ల రాసిండ్రు?"

"అలా రాస్తేనే గురువారం లోపు విడిచిపెడతారన్నారమ్మా. నిజం రాస్తే ఆయన అక్కడే ఉండిపోయేవారు."

కోపం లేదు ఆమె గొంతులో. ఉండుంటే నాకు తేలికయ్యేది.

"గంతేనా" అంది. "గది మాకు చెప్తె అయిపోవు గద అక్కా. ఎట్లైతేంది, మనిషి ఇంటికొస్తె సాలు. నన్ను అడిగితె నేనే గట్ల రాయుండ్రి అంటుంటి. గాయనకు గూడ గోలీలతోని ఒక మాట అందిస్తుంటిరి. గిదీ ముచ్చట, ఒప్పుకో అని. గాయన మతి వోయిందని గింత పరేషాన్ కాకపోవు."

ఢిల్లీని అడిగాం. ఎంబసీని అడిగాం. కాన్సల్‌గారిని అడిగాం. ఇసుక దేశం మంత్రిత్వ శాఖ మనసులో ఏముందో కనుక్కున్నాం, పొరుగు దేశం ఏమనుకుంటుందో కూడా ఆలోచించాం. ఆ మూడు రోజులూ ఈమె నా గది బయటే, చెప్పులు విడిచే చోట కూర్చుని ఉంది. నా కుర్చీ నుంచి అక్కడికి పది అడుగులు.